సముద్ర పరిశోధన నిధికి ప్రతిపాదన రాసేముందు: బెజవాడ, గుంటూరు కాలేజీలకు పని పుస్తకం

2021 జూన్ 16న కేంద్ర మంత్రివర్గం డీప్ ఓషన్ మిషన్‌కి ఆమోదం తెలిపింది. అయిదేళ్లకు 4,077 కోట్ల రూపాయలు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి మన వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో తయారయ్యే ప్రతిపాదనల్లో ఒక జబ్బు కనిపిస్తోంది. ప్రతి విభాగమూ లోతు సముద్రపు రోబోయే చేస్తానంటుంది. 6,000 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి సుమారు 600 వాతావరణ పీడనాలకు సమానం. ఆ లోతుకు ముగ్గురు మనుషులను దించడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) రూపొందించిన మత్స్య 6000లో, మనుషులు కూర్చునే టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మి.మీ. దాని పక్కన పీవీసీ పైపుతో చేసిన రోబో బొమ్మ పెట్టి మూడేళ్లకు నిధి అడిగితే, పరిశీలించేవాళ్లు రెండో పేజీ తిప్పరు.

మన చేతిలో ఉన్నది వేరే సముద్రం. బెజవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కి.మీ., గుంటూరు నుంచి నిజాంపట్నం రేవు కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. కృష్ణ పాయలు కడలిలో కలిసే చోట, 3 నుంచి 10 మీటర్ల లోతులో, ఉప్పునీరూ మంచినీరూ ఎలా కలుస్తున్నాయో రోజూ కొలిచే పరికరం దాదాపు లేదు. పెద్ద సంస్థల ఓడలు అంత తక్కువ లోతులోకి రాలేవు. ఉపగ్రహం తీరం పక్కన తడబడుతుంది. కాలేజీ బృందం పనికొచ్చేది సరిగ్గా ఆ ఖాళీలోనే. ప్రతిపాదన అంతా దీని చుట్టూ కట్టండి.

ఏ తలుపు తట్టాలి

భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు సముద్రం పనులు చేసే చేతులు చాలానే ఉన్నాయి. పరికరాల తయారీ ఎన్ఐఓటీది. సమాచార సేవలన్నీ హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌వి: చేపలు దొరికే చోట్ల సూచనలు, అలల అంచనా, సునామీ హెచ్చరిక. 2024 జనవరిలో ఆమోదం పొందిన పృథ్వీ పథకం 4,797 కోట్లతో 2021–26 కాలానికి ఈ శాఖ పాత పథకాలు అయిదింటిని ఒక గొడుగు కిందకి తెచ్చింది. అందులో సముద్రం పనులకు ఉన్న పథకం పేరు ఓ-స్మార్ట్. ఇవి కాక డీఆర్‌డీఓ కింద నావల్ రీసెర్చ్ బోర్డు ఉంది, శబ్దం, పదార్థాలు, తుప్పు మీద పనిచేసే అధ్యాపకులకు అది సరైన చోటు. పాత పరిశోధన నిధి బోర్డు ఎస్‌ఈఆర్‌బీని తనలో కలుపుకున్న జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్‌ఆర్‌ఎఫ్ మూల శాస్త్రానికి ఇస్తుంది. చేపల పెంపకం, రేవుల వసతులు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన (పీఎంఎంఎస్‌వై) వైపు పోతాయి. పరిశోధన ప్రతిపాదనతో అక్కడికి వెళ్తే కాగితం తిరిగొస్తుంది.

తలుపు ఎంచుకునే పద్ధతి సులువు. మీ పని చివర్లో ఏం మిగులుతుంది? కొలతల పట్టిక మిగిలితే ఇన్‌కాయిస్‌తో కలిసి అడగండి. పరికరం మిగిలితే ఎన్ఐఓటీతో. వ్యాసం మాత్రమే మిగిలితే ఏఎన్‌ఆర్‌ఎఫ్. మూడూ మిగులుతాయని రాసేవాళ్లను ఎవరూ నమ్మరు.

ప్రైవేటు కాలేజీ అయితే ముందే రెండు పనులు చేసి పెట్టుకోవాలి. కాలేజీ నడిపే సొసైటీ లేదా ట్రస్టుకు స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్ నంబరు, కాలేజీ బ్యాంకు ఖాతాకు ప్రభుత్వ నిధుల చెల్లింపు వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో నమోదు. ఈ రెండూ లేక, మంజూరు ఉత్తర్వు వచ్చాక కూడా డబ్బు నెలల తరబడి ఆగిపోవడం మామూలే. సొసైటీ పేరూ పాన్ కార్డు మీద పేరూ ఒక అక్షరం తేడా ఉన్నా నమోదు తిరగ్గొడుతుంది. ‘అండ్’ అని ఒకచోట, ‘&’ గుర్తు ఇంకోచోట ఉన్నందుకు కూడా ఆగుతుంది.

మొదటి నెల: డబ్బు లేకుండా చేయాల్సిన పని

ప్రభుత్వం సముద్రం మీద పెట్టిన ఖర్చులో మీకు ఈ రోజే అందేది కొలతలు. ఆర్గో తేలియాడే పరికరాలు 1,000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ కొలతలు ఉచితం. హిందూ మహాసముద్రపు ఆర్గో సమాచారాన్ని ఇన్‌కాయిస్ కూడా అందిస్తుంది. లంగరు వేసి ఒకే చోట తేలనిచ్చే కొలత పరికరాలు, ఓమ్ని బోయ్‌ల కొలతలూ అక్కడే. ఇవి వాడినట్టు ఒక్క గ్రాఫ్ కూడా లేని ప్రతిపాదన, పొలం చూడకుండా వేసిన పంట అంచనా లాంటిది.

పని ఇలా మొదలుపెట్టండి. ఉత్తర అక్షాంశం 14 నుంచి 16.5, తూర్పు రేఖాంశం 80.5 నుంచి 84 వరకు ఒక పెట్టె గీయండి. గడిచిన అయిదేళ్ల ప్రొఫైళ్లను (లోతు వారీ కొలతలను) నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు రూపంలో దింపుకోండి. ప్రతి విలువ పక్కనా నాణ్యత అంకె ఉంటుంది: 1 అంటే మంచిది, 2 బహుశా మంచిది, 3 బహుశా చెడ్డది, 4 చెడ్డది, 9 అంటే విలువ లేదు. 1, 2 మాత్రమే ఉంచుకోండి. ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే తప్పు ఒకటుంది. ఫైలులో ముడి ఉష్ణోగ్రత, సరిదిద్దిన ఉష్ణోగ్రత అని రెండు నిలువు వరసలుంటాయి. ముడి వరసను తీసుకుని, సరిదిద్దిన వరస నాణ్యత అంకెను దానికి తగిలిస్తారు. గ్రాఫ్ అందంగానే వస్తుంది, తప్పు కనబడదు. ఉప్పదనంలో మాత్రం దెబ్బ తగులుతుంది. సెన్సర్ మెల్లగా పక్కకు జరిగిపోయే కొలత అదే కాబట్టి.

ఇంకో సంగతి. ఆర్గో పరికరం 2,000 మీటర్లకు దిగాలి కనుక తీరం దగ్గరి తక్కువ లోతుల్లో మామూలుగా ఉండదు. నిజాంపట్నం ఒడ్డున మీరు కొలిచినదాన్ని నేరుగా ఆర్గోతో పోల్చి ‘తేడా 2 డిగ్రీలు, మా పరికరం సరైనది కాదు’ అనుకోకండి. రెండూ వేర్వేరు నీళ్లు. ఆర్గో మీకు చెప్పేది బయటి సముద్రం ఏ స్థితిలో ఉందన్నది. తీరం నీరు దానికంటే ఎంత వేరుగా ఉందన్నదే మీ పరిశోధన ప్రశ్న.

ప్రశ్న కావాలంటే ఒకటి చేతిలోనే ఉంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 2009 అక్టోబరు వరద 11.10 లక్షలను దాటేసింది. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు, లెక్క వేస్తే సెకనుకు సుమారు 32 వేల ఘనపు మీటర్లు. ఆ మంచినీరు సముద్రంలోకి ఎంత దూరం పోయింది, ఎన్ని రోజులు పైపొరలా నిలిచింది? ఉప్పదనం కొలిచే ఉపగ్రహపు చుక్క ఒక్కోటి దాదాపు 40 కి.మీ. వెడల్పు, పైగా నేల పక్కన దాని విలువలు నమ్మలేం. పచ్చదనం చూసే ఉపగ్రహానికి వరద రోజుల్లో మబ్బులు అడ్డం. నీళ్లలో పెట్టిన పరికరమే చెప్పాలి. ‘సమస్య ప్రాముఖ్యం’ అనే శీర్షిక కింద ఈ ఒక్క పేరా చాలు. భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రమే అని మొదలుపెట్టే పేజీన్నర కొట్టేయండి, వాళ్లకు తెలుసు.

గొట్టం బోయ్: నిధికి ముందు చేయాల్సిన నమూనా

ప్రతిపాదనకు ప్రాణం పోసేది ఒక ఫొటో: నీళ్లలో నిలువుగా తేలుతున్న మీ పరికరం. దాని పక్కన ముప్పై రోజుల కొలతల గీత. ఇది కాలేజీ చేతి ఖర్చుతోనే అవుతుంది.

ఒళ్లు: 110 మి.మీ. బయటి వ్యాసం పీవీసీ పైపు, 1.2 మీటర్ల ముక్క. మొత్తం ఘనపరిమాణం 11.4 లీటర్లు. పైపు 1.8 కిలోలు, మూతలు కిలో, బ్యాటరీ, బోర్డు కలిపి అర కిలో, పైన కర్ర, యాంటెన్నా అర కిలో. మిగతా 4.7 కిలోలు ఇనుప కడ్డీ ముక్కలు, అన్నీ అడుగున. మొత్తం 8.5 కిలోలు. బరువు అడుగున లేకపోతే బోయ్ బొక్కబోర్లా పడుతుంది, యాంటెన్నా నీళ్లలో మునుగుతుంది. ఉప్పునీటిలోంచి రేడియో తరంగం బయటికి రాదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఈ పైపు అడ్డకోత వైశాల్యం 95 చదరపు సెం.మీ. మంచినీటిలో 8.5 కిలోల బోయ్ 89.4 సెం.మీ. మునుగుతుంది. సాంద్రత 1.02 ఉన్న సముద్రపు నీటిలో 87.7 సెం.మీ. తేడా 1.7 సెం.మీ. అంటే కృష్ణ వరద నీరు పైకి వచ్చిన రోజున మీ బోయ్ అదే చోట దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. నీటి మట్టం గీత నుంచి సెన్సర్ లోతు లెక్కగట్టేవాళ్లు దీన్ని మరిచిపోతారు. 100 లీటర్ల డ్రమ్ములో 3.5 కిలోల రాతి ఉప్పు కరిగించి, ముందు మంచినీటిలో, తర్వాత ఉప్పునీటిలో తేల్చి పైపు మీద రెండు గీతలు గీయండి. ఆ రెండు గీతల ఫొటో కూడా ప్రతిపాదనలో పెట్టవచ్చు. డ్రమ్ము లోతు పైపుకు సరిపోకపోతే మీ కాలేజీ నీళ్ల సంపు ఉండనే ఉంది, మంచినీటి గీత వరకైనా.

మూతలు: అడుగు మూత సాల్వెంట్ సిమెంటుతో శాశ్వతంగా అతికించి 24 గంటలు కదపకుండా వదలండి. పై మూత విప్పుకునేది, ఓ-రింగుతో (గుండ్రటి రబ్బరు వలయంతో). ఓ-రింగ్ తీగ మందం 3.5 మి.మీ. అయితే గాడి లోతు 2.6 నుంచి 2.7 మి.మీ., వెడల్పు 4.6 మి.మీ. అంటే రింగు పావు వంతు నలుగుతుంది. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా ఈ గాడి తీస్తారు, కానీ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెబితే రింగు సరిగ్గా పట్టేలా 3.5 లోతు తీసేస్తారు. వాళ్ల దృష్టిలో అదే చక్కటి పని. రింగు నలగనే నలగదు, నీళ్లు లోపలికి. గాడి అడుగున గోటితో తడిమి చూడండి. అడ్డంగా గీత తగిలితే మళ్లీ నునుపు చేయించాలి. వృత్తం వెంట పోయే సన్న గీతలతో ఇబ్బంది లేదు. రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. ఒక్క తల వెంట్రుక రింగు మీద పడినా చాలు కారడానికి.

తీగ బయటికి వచ్చే చోటే ఎక్కువ బోయ్‌లు చస్తాయి. కేబుల్ గ్లాండ్ (తీగను పట్టి బిగించే నట్టు) బిగిస్తే బయటి తోలు చుట్టూ నీరు ఆగుతుంది. తోలు ఎక్కడో చిట్లితే మాత్రం, నీరు లోపలి రాగి పోగుల మధ్య దీపం వత్తిలో నూనెలా పాకి పెట్టెలోకే వస్తుంది. అందుకని గ్లాండుకు లోపలి వైపు 3 సెం.మీ. పొడవున ప్రతి తీగకూ తోలు ఒలిచి, పోగులన్నీ తగరంతో నింపి, ఎపాక్సీలో పోత పోయండి. ఇంకోటి: హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్‌లో పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకాన్ని లోపల వాడవద్దు. అది ఆరుతూ వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడగండి.

మూత వేసే చోటు కూడా ముఖ్యమే. బెజవాడలో మధ్యాహ్నం 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గదిలో మూసిన గాలి 26 డిగ్రీలకే మంచు కడుతుంది. జనవరిలో సముద్రపు నీరు అంతకంటే చల్లబడితే లోపలి గోడల మీద చుక్కలు పడతాయి. బోర్డు పచ్చగా పూస్తుంది, మీరు మూత కారిందనుకుని రింగు మారుస్తూ ఉంటారు. ఏసీ గదిలో రెండు గంటలు తెరిచి ఉంచి అక్కడే మూయండి. లోపల 50 గ్రాముల సిలికా జెల్, రంగు మారే రకం.

కారుతుందో లేదో చూడ్డానికి లోపలికి గాలి కొట్టడం అలవాటు. అది తలకిందుల పరీక్ష, గాలి మూతను బయటికి నెడుతుంది, సముద్రం లోపలికి నెడుతుంది. ఏసీ మెకానిక్ దగ్గర వాక్యూమ్ పంపు, మీటరు ఉంటాయి. మూతలో చిన్న కవాటం పెట్టి 250 మి.మీ. పాదరసం మేర గాలి లాగేయండి. 15 నిమిషాల్లో 10 మి.మీ. కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే. నీడలో చేయండి. ఎండ తగిలితే లోపల గాలి వేడెక్కి మీటరు దానంతటదే పడుతుంది. ఇది దాటాక 5 కిలోల ఇనుప బరువు కట్టి లోతైన బావిలో 8 మీటర్లకు ఒక రాత్రి దించండి. అక్కడ మూత మీద పడే బలం 76 కిలోలు. లోపల అడుగున టిష్యూ కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి ఉంచితే, ఒక్క చుక్క దిగినా సిరా చెదురుతుంది.

సెన్సర్లు, కరెంటు

ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 అనే సెన్సర్ చాలు, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌తో. అది చూపే కనీస తేడా 0.0625 డిగ్రీలు, కానీ ఖచ్చితత్వం ప్లస్ లేదా మైనస్ 0.5 డిగ్రీ మాత్రమే. ఈ రెంటినీ కలిపేసి ‘0.06 డిగ్రీల ఖచ్చితత్వం’ అని రాస్తే పరిశీలించేవాళ్లు అక్కడే ఎర్ర గీత పెడతారు. ఆర్గో సెన్సర్ ఖచ్చితత్వం 0.002 డిగ్రీలు, మీరు దానితో పోటీ పడటంలేదని మీరే రాయండి. దంచిన మంచు, కొంచెం నీరు కలిపిన థర్మాస్‌లో ముంచి సున్నా దగ్గర తప్పు ఎంతో చూడండి. మంచు గడ్డలు పెద్దవిగా ఉంటే వాటి మధ్య నీరు ఒకటి రెండు డిగ్రీలు ఉంటుంది, సెన్సర్‌ను తిట్టుకుంటారు. తర్వాత 30 డిగ్రీల దగ్గర ధ్రువపత్రం ఉన్న థర్మామీటరుతో పోల్చండి. అలా సరిదిద్దితే 0.1 వరకు నమ్మవచ్చు. మార్కెట్లో నకిలీ చిప్పులు చాలా ఉన్నాయి. పది కొని పదీ ఒకే థర్మాస్‌లో వేస్తే తేడాగా ఉన్నవి బయటపడతాయి.

ఉప్పదనం దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. బొమ్మ కిట్లలో వచ్చే టీడీఎస్ సెన్సర్ తాగునీటికి, 1,000 పీపీఎం దాకా కొలుస్తుంది. సముద్రంలో ఉప్పు 35,000 దరిదాపుల్లో ఉంటుంది. నీటి వాహకత సెం.మీ.కు సుమారు 50 మిల్లీసీమెన్లు. ఈ పరిధికి సెల్ స్థిరాంకం 10 ఉన్న ప్రోబ్ కావాలి, దానికి ఏసీ సంకేతమే ఇవ్వాలి. డీసీ ఇస్తే విద్యుద్విశ్లేషణ జరిగి ఎలక్ట్రోడ్ల మీద బుడగలు కడతాయి. డిగ్రీకి వాహకత దాదాపు 2 శాతం మారుతుంది కనుక ఉష్ణోగ్రత సెన్సర్ ప్రోబ్ పక్కనే ఉండాలి, పైపు పైన కాదు. సరిచూడ్డానికి 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం, 25 డిగ్రీల దగ్గర దాని వాహకత సెం.మీ.కు 12.88 మిల్లీసీమెన్లు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో కలిపిస్తారు.

బోర్డు ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటరు చిప్పు ఉన్నది) అయితే పది నిమిషాలకోసారి 5 సెకన్లు మేలుకుని 80 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుందాం. సగటు 0.67. నిద్రలో చిప్పు దాదాపు ఏమీ తాగదని డేటాషీట్ అంటుంది, నిజమే. కానీ విద్యార్థులు వాడే డెవలప్‌మెంట్ బోర్డు మీద రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, ఎర్ర ఎల్ఈడీ కలిసి 10 మిల్లీఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. 5,200 మిల్లీఆంపియర్ గంటల బ్యాటరీ 20 రోజుల్లో అయిపోతుంది. నిద్రలో 0.05 మాత్రమే తాగే బోర్డు తీసుకుంటే లెక్క ప్రకారం 300 రోజులు. వేడి, వయసు పోగా 200 రోజులు అనుకోండి. ఎల్ఈడీని కటింగ్ ప్లేయర్‌తో తుంచేయడం కూడా ఇంజనీరింగే.

సమాచారం పంపే మోడెమ్ ఒక్క క్షణం 2 ఆంపియర్లు లాగుతుంది. పక్కనే 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే బోర్డు రీసెట్ అవుతుంది. ల్యాబ్ టేబుల్ మీద సిగ్నల్ బాగుంటే ఇది బయటపడదు, తీరంలో సిగ్నల్ తక్కువైనప్పుడు మోడెమ్ గట్టిగా అరవాల్సి వస్తుంది, అప్పుడే చస్తుంది. 2జీ మోడెమ్‌లో జియో సిమ్ పనిచేయదు. లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) పెడితే మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ రకమే కొనండి, ఆన్‌లైన్‌లో 915 రకం ఎక్కువ దొరుకుతుంది. ఇక బడ్జెట్‌లో ఇరిడియం ఉపగ్రహ మోడెమ్ రాయవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని వాడటం నేరం, కస్టమ్స్‌లోనే ఆగుతుంది.

మేకులు, నట్లు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. 304 రకానికి ఉప్పునీటిలో గుంటలు పడతాయి. ఇత్తడి, అల్యూమినియం కలిపి బిగిస్తే అల్యూమినియం కరిగిపోతుంది. కొన్ని వారాల్లోనే పరికరానికి గుల్లలు (పెంకున్న చిన్న సముద్ర జీవులు) పడతాయి, సెన్సర్ చుట్టూ రాగి టేపు చుడితే అవి ఆలస్యమవుతాయి.

రేవు, లంగరు, మనుషులు

బోయ్‌కి మిగిలిన తేలే బలం 3 కిలోలే. లంగరు తాడు నేరుగా దానికి కడితే ప్రవాహం లాగినప్పుడు మునిగిపోతుంది. తాడుకు వలల మీద వాడే ప్లాస్టిక్ తేలుళ్లు వేరుగా కట్టి, దానికి 3 మీటర్ల వదులు తాడుతో బోయ్ తగిలించండి. 5 మీటర్ల లోతుకు తాడు 15 మీటర్లు. నైలాన్ తీసుకోండి, మునుగుతుంది. పాలీప్రొపిలీన్ పైన తేలి పడవ ఫ్యానుకు చుట్టుకుంటుంది, అలా ఒక్కసారి జరిగితే ఆ రేవులో మీకు ఇంక పడవ దొరకదు. 25 కిలోల కాంక్రీటు దిమ్మె నీళ్లలో 14 కిలోలే తూగుతుంది, రెండు వేయండి.

కాలం చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు 61 రోజుల వేట నిషేధం. అక్టోబరు నుంచి డిసెంబరు తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ తీరం మీదే, దాని తేదీ ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. నీరు నిమ్మళంగా ఉండేది జనవరి చివర నుంచి ఏప్రిల్ తొలి వారాల వరకు. బోయ్ వేసే పని అప్పుడు పెట్టుకోండి. వరద కొలవాలంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో పాయ లోపలే, ఒడ్డుకు కట్టి కొలవండి. పనిపట్టికలో ‘ఏప్రిల్–జూన్: క్షేత్ర పర్యటనలు’ అని రాస్తే, కాలేజీ సెలవులు చూసి రాశారని తెలిసిపోతుంది.

మత్స్యశాఖ కార్యాలయానికి, మెరైన్ పోలీస్ స్టేషన్‌కి, రేవు అధికారికి ఉత్తరాలు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అంతకంటే ముఖ్యం మత్స్యకారుల సంఘంతో మాట్లాడటం. పెద్ద సంస్థల బోయ్‌లు కూడా ఎక్కువగా పాడయ్యేది మనుషుల చేతుల్లోనే. పడవలు కట్టుకుంటారు, సోలార్ పలక పీకేస్తారు. బోయ్ మీద పసుపు రంగు, రాత్రి మెరిసే దీపం, పెద్ద తెలుగు అక్షరాల్లో ‘నీటి ఉప్పు, వేడి కొలిచే పరికరం, లోపల విలువైనదేమీ లేదు’ అని, కింద ఫోను నంబరు. ఆ ఊళ్లో పెద్ద సరంగుకు ముందే చూపించి ‘బాబాయ్, ఎక్కడ వేస్తే మీ వలలకు అడ్డం రాదు?’ అని అడగండి. ఆయన చూపించిన చోటే వేయండి, మీ జీపీఎస్ చుక్క కంటే అదే మంచిది.

బడ్జెట్ పేజీ

ఒక్కసారే అయ్యే ఖర్చు, ఏటా వచ్చే ఖర్చు అని రెండు భాగాలు. ఆరు బోయ్‌లు సముద్రంలో ఉండాలంటే తొమ్మిదికి అడగండి, మూడోవంతు పోతుందని అక్కడే రాయండి. పోదని రాస్తే అనుభవం లేదని అర్థం. మొత్తం బోయ్‌గా ఒక ధర రాయవద్దు, పైపు, ప్రోబ్, బోర్డు, మోడెమ్, లంగరు విడివిడిగా, ఖరీదైన వాటికి కొటేషన్లతో. ప్రభుత్వ కొనుగోలు నియమాలు పాటించాల్సిన కాలేజీ అయితే జెమ్ పోర్టల్‌లో దొరకని వస్తువుకు దొరకట్లేదన్న నివేదిక తీసి ఫైలులో పెట్టుకోవాలి. కొన్నాక తీస్తే తేదీ పట్టిస్తుంది.

పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. రెండేళ్లు జేఆర్‌ఎఫ్, ఒక ఏడాది ఎస్‌ఆర్‌ఎఫ్ అంటే 8.88 లక్షలు, 5.04 లక్షలు, కలిపి 13.92 లక్షలు. ఇంటి అద్దె భత్యం వేరు. ఆ భత్యం లెక్కలో విజయవాడ, గుంటూరు రెండూ ‘వై’ తరగతి నగరాలు, ఆ శాతమే వేయాలి. ఇది మరిచి తక్కువ అడిగితే మూడో ఏడు విద్యార్థి జీతం ఆగిపోతుంది.

పడవ అద్దెను ‘ప్రయాణం’ కింద పెట్టకండి. ఆడిట్‌లో టికెట్లు అడుగుతారు. ‘క్షేత్ర పని, పడవ అద్దె, 18 రోజులు’ అని వేరే వరస వేయండి. పడవ యజమాని దగ్గర జీఎస్టీ బిల్లు ఉండదు. డబ్బు ఆయన బ్యాంకు ఖాతాకే పంపి, పడవ రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, బయల్దేరిన, తిరిగొచ్చిన వేళలు రాసిన రసీదు మీద సంతకం తీసుకోండి. లైఫ్ జాకెట్లు పడవలోని మనుషులందరికీ లెక్కవేయండి, విద్యార్థులకు మాత్రమే కాదు.

డబ్బు వచ్చాక

మొదటి విడత వచ్చిన రోజునే ఒక పుస్తకం తెరవండి. ఖాతాలో ఆ డబ్బు మీద పడ్డ వడ్డీ మీది కాదు, భారత్‌కోశ్ ద్వారా కేంద్ర ఖజానాకు తిరిగి కట్టాలి. వినియోగ ధ్రువపత్రం ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12-ఎ నమూనాలో, ఖర్చుల పట్టికతో పోవాలి. అది చేరనిదే రెండో విడత కదలదు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, మీ ప్రాజెక్టు సంవత్సరం మంజూరు తేదీతో మొదలవుతుంది. ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరానికే ఇవ్వాలి. ఈ రెంటినీ కలిపేసి పంపిన కాగితం వెనక్కి వచ్చేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోతుంది.

కొలతల ఫైలు కూడా లెక్కల పుస్తకంలాగే చూడండి. ప్రతి వరసలో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయండి. సగం ఫైళ్లు మన సమయంలో, సగం యూటీసీలో ఉంటే అయిదున్నర గంటల తేడాతో మధ్యాహ్నపు వేడి ఉదయం వేళలో పడుతుంది, అలల పోటు తారుమారవుతుంది. అక్షాంశ రేఖాంశాలు, సెన్సర్ క్రమసంఖ్య, చివరిసారి సరిచూసిన తేదీ, శుభ్రం చేసిన తేదీ, గుల్లలు ఎంత పట్టాయో ఫొటో నంబరు. చెడ్డ విలువను తుడిచేయకండి, ఆర్గో పద్ధతిలోనే 4 అని పక్కన వేసి ఉంచండి. తొమ్మిది బోయ్‌లలో ఒకటి ఎప్పుడూ సముద్రం చూడకూడదు, కాలేజీ డ్రమ్ములోనే ఉండాలి. మిగతావి ఒడ్డుకు వచ్చినప్పుడల్లా దాని పక్కన 24 గంటలు వేసి, రెండు గీతల మధ్య తేడా రాసుకున్నాకే గుల్లలు గీకండి.